తమ్ముడు పాడిన మూడు పాటలు

మా తమ్ముడు తన ఆల్బమ్ సంగతి నాకు నోటితో చెప్పలేదు. ఒక ఆదివారం పొద్దున్న రాజోలు నుంచి బండి మీద అమలాపురం వచ్చి, నేను అట్లు పోస్తుంటే వంటింటి గుమ్మంలో నిలబడి, జేబులోంచి నాలుగు మడతల కాగితం తీసి ఇచ్చాడు. అట్టు పెనం మీద మాడిపోతున్నా చూసుకోకుండా చదివాను. తొమ్మిది వరుసలున్నాయి. అయిదింటి పక్కన ‘గిటారు మాత్రమే’ అనీ, నాలుగింటి పక్కన ‘పాట’ అనీ రాసి ఉంది. అన్నిటికీ కింద ఒక వాక్యం: ‘ఇరవై ఏళ్ళు వేరేవాళ్ళ పాటల్లో వాయించాను, ఇప్పుడు నాది ఒకటి చేస్తాను.’

పెద్ద సంగతులన్నీ వాడు కాగితం మీదే చెప్పేవాడు. వాడికి చిన్నప్పటి నుంచీ నత్తి. అన్ని అక్షరాలకీ కాదు. పెదవులు కలిస్తే గాని పలకని ప, బ, మ లాంటి అక్షరాలు మొదట్లో వస్తే వాడి నోరు అక్కడ ఆగిపోయేది. మెడ నరాలు బిగుసుకునేవి, కళ్ళు నేల మీదికి వాలిపోయేవి. నేను వాడికంటే మూడేళ్ళు పెద్దదాన్ని. వాడు ఆగిన చోటల్లా ఆ మాట నేను అందించేసేదాన్ని. బజార్లో పెరుగు అడగాలన్నా, బస్సులో టిక్కెట్టు తీసుకోవాలన్నా, మేష్టారికి జవాబు చెప్పాలన్నా నేనే. ‘అక్క ఉంది కదరా’ అనేది మా అమ్మ. ఆ మాట నాకు పతకంలా ఉండేది.

వాడికి పన్నెండేళ్ళప్పుడు మా పిన్ని కూతురి పెళ్ళి జరిగింది. నత్తి ఉన్నవాళ్ళకి పాట పాడేటప్పుడు నత్తి రాదని ఎవరో అన్నారు. అంతే, పెద్దవాళ్ళంతా కలిసి వాణ్ణి ఆర్కెస్ట్రా వాళ్ళ మైకు చేతికిచ్చి నిలబెట్టేశారు. వాడు పెదవులు కలిపి అలాగే నిలబడిపోయాడు. కుర్చీల్లో ఎవరో కిసుక్కుమన్నారు. నేను గబగబా వెళ్ళి వాడి చేతిలోంచి మైకు తీసుకుని ఆ పాట నేనే పాడేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ నన్ను దగ్గరికి తీసుకుంది. ఆ సందట్లో తమ్ముడు ఎటు వెళ్ళాడో ఎవరూ చూడలేదు. తీరా వెతికితే వేదిక వెనకాల ఆర్కెస్ట్రా గిటారు ఆయన పక్కన కూర్చుని ఉన్నాడు. ఆయన గిటారు వీడి ఒళ్ళో పెట్టి తీగ ఎలా మీటాలో చూపిస్తున్నాడు. వాడి గిటారు అలా మొదలైంది. ఆ రోజు తమ్ముణ్ణి నేను కాపాడాననే చాలా ఏళ్ళు చెప్పుకున్నాను.

తర్వాత వాడి వేళ్ళు ఎంత దూరం వెళ్ళాయో మా కోనసీమలో చాలామందికి తెలియదు. కేసెట్లు వెనక్కి తిప్పుకుంటూ తిప్పుకుంటూ రాక్ సంగీతం సొంతంగా నేర్చుకున్నాడు. హైదరాబాదులో స్టూడియోల్లో ఇరవై ఏళ్ళు వాయించాడు. పల్లవికీ చరణానికీ మధ్య వచ్చే ఆ గిటారు ఎవరిదని అడిగేవాళ్ళుండరు. అది మా వాడిది. అక్కడి పని తగ్గాక రాజోలు వచ్చేసి ఇంటర్నెట్లో పాఠాలు మొదలుపెట్టాడు. ఆ వీడియోల్లో మాట ఒక్కటీ ఉండదు. వేళ్ళు కనిపిస్తాయి, కింద రాత వస్తుంది. ఎక్కడెక్కడి వాళ్ళో ఆ వేళ్ళని చూసి నేర్చుకుంటున్నారు. తమ గురువు గొంతు ఎలా ఉంటుందో వాళ్ళలో ఒక్కరికీ తెలియదు.

నేను హైస్కూల్లో తెలుగు చెప్తాను. కాగితం మడిచి, “ఈ నాలుగు పాటలకీ మాటలెవర్రా?” అని అడిగాను. అడిగానే గాని జవాబు నా దగ్గరే ఉంది. వాడు నోరు తెరిచేలోగా “నేను రాస్తాలే” అన్నాను. వాడు ఒక్క క్షణం నా వంక చూసి తల ఊపాడు.

నెల రోజులు కూర్చుని రాశాను. రాసేటప్పుడు నాకో ఆలోచన వచ్చింది. పెదవులు తగలని పద్యాలు మన పూర్వులు రాశారు. నిరోష్ఠ్యం అంటారు దాన్ని. ప, ఫ, బ, భ, మ అన్న అయిదు అక్షరాలూ ఎక్కడా రాకూడదు. నాలుగు పాటలూ ఆ పద్ధతిలో రాస్తే, పాడేవాళ్ళకి మాటలు చెప్పేటప్పుడు వాడికి కష్టం ఉండదు. అదీ నా ఆలోచన. ‘చల్లని గాలి తాకిన తీరాన నీ నీడ కదిలేనా’ అని ఒకటి మొదలుపెట్టాను. ‘నది నడిచే దారిలో నా కల ఎదురైనదా’ అని ఇంకోటి. స్కూల్లో సంస్కృతం తెలిసిన మేడంగారికి చూపిస్తే ఆవిడ చాలా మెచ్చుకుంది.

పాటలు పట్టుకుని రాజోలు వెళ్ళాను. తమ్ముడు మంచం మీద కూర్చుని నాలుగూ చదివాడు. మళ్ళీ చదివాడు. గిటారు తీసి మొదటి పాటకి రెండు వరసలు మెల్లగా వాయించి ఆపేశాడు. నేను చేసిన పని వాడికి తెలిసిపోయిందని వాడి మొహంలోనే కనిపించింది. మెచ్చుకుంటాడని చూశాను.

“అక్కా, ఇందులో ‘అమ్మ’ లేదు” అన్నాడు.

నాకు వెంటనే అర్థం కాలేదు. వాడి చేతిలోని కాగితాల వంక చూశాక తట్టింది. మ లేకపోతే అమ్మ లేదు. వాడు కాగితాలు జాగ్రత్తగా మడిచి నా చేతిలో పెట్టి, “చాలా బా... బాగున్నాయి. కానీ ఇవి నీవక్కా. నావి నేనే రాసుకుంటాను” అన్నాడు. వాడి మాటలో కోపం లేదు. నాకే ఒళ్ళు మండింది. తిరుగు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఎవరి కోసం పడ్డాను ఇంత కష్టం అనుకుంటూ అమలాపురం దాకా వచ్చాను. తర్వాత రెండు నెలలు ఆ ఇంటి గడప తొక్కలేదు. ఫోను వస్తే పొడిపొడిగా మాట్లాడి పెట్టేసేదాన్ని.

ఇక్కడ మా మరదలి సంగతి చెప్పాలి. ఆవిడ రాజోల్లో మందుల షాపు చూసుకుంటుంది. పెళ్ళిచూపుల్లో ఆవిడ మా వాణ్ణి ఏం చేస్తుంటారని అడిగింది. అలవాటు ప్రకారం నేను అందుకుని చెప్పబోయాను. “ఆయన్ని చెప్పనివ్వండి వదినగారూ, నాకేం తొందర లేదండి” అంది ఆవిడ. అప్పటికి నేనింకా ఆవిడకి వదినని కూడా కాలేదు. గది నిండా మనుషులు. వాడు ఆ జవాబు చెప్పడానికి చాలాసేపు పట్టింది. ఆవిడ కాఫీ గ్లాసు అలాగే చేత్తో పట్టుకుని విన్నది. ఈ పిల్లకి పొగరు ఎక్కువని ఇంటికొచ్చి అన్నాను. పెళ్ళయ్యాక కూడా ఆవిడతో నేను పైపైనే ఉండేదాన్ని.

అలాంటి మరదలు ఒక శుక్రవారం సాయంత్రం నాకు ఫోన్ చేసింది. రేపు రాజమండ్రి నుంచి పాడే ఆయన వస్తున్నారనీ, రికార్డింగు మలికిపురం దగ్గర తన పుట్టింటివాళ్ళ గొడౌన్లోననీ చెప్పింది. “మావారు నోరు తెరిచి రమ్మనరు వదినగారూ. మీరొస్తే బాగుంటుందని నాకనిపించిందండి” అంది. నేను కాసేపు బెట్టు చేసి, ఆయ్, వస్తాలే అన్నాను.

మర్నాడు బస్సు దిగి ఆటో ఎక్కి వెళ్ళాను. వాళ్ళది కొబ్బరి పీచు మిల్లు. రేకుల గొడౌన్లో పీచు కట్టలు గోడ ఎత్తున పేర్చి మధ్యలో గదంత చోటు చేశారు. లోపలికి అడుగు పెట్టగానే చెవుల్లో దూది పెట్టినట్టు బయటి చప్పుడంతా ఆగిపోయింది. పీచు శబ్దాన్ని మింగేస్తుందట. వాడు ఈ చోటు ఎంచుకున్నది అందుకే. కాకపోతే పక్కన మిల్లు ఆడినంతసేపూ నేల అదురుతుంది కనక, మధ్యాహ్నం పనివాళ్ళు అన్నాలకి లేచిన గంటలోనూ, ఆదివారాల్లోనూ మాత్రమే రికార్డింగు. రెండు నెలలుగా అలాగే గంటలు గంటలు కూడబెట్టి గిటారు పీసులన్నీ పూర్తి చేశాడు.

మిల్లు ఆగడానికి ఇంకా టైముందని తమ్ముడు నాకు హెడ్‌ఫోన్లు పెట్టి ఒకటి వినిపించాడు. దాని పేరు ‘పంటు’. అంటే మా గోదావరి పాయల మీద మనుషుల్నీ బళ్ళనీ దాటించే బల్లకట్టు. పదకొండు నిమిషాల వాయిద్యం. నిజం చెప్పాలంటే అంతకు ముందు వాడి వాయింపు నేనెప్పుడూ మనసు పెట్టి వినలేదు. వేళ్ళ వేగం చూసి గర్వపడేదాన్ని, మాటలు లేవు కనక ఏదో తక్కువైందనుకునేదాన్ని. ఆ రోజు విన్నాను. మొదట ఇంజను అంటుకోనని మొరాయిస్తున్నట్టు రెండే తీగలు. తర్వాత ఒడ్డు విడిచాక నీటి మధ్య తేలికైపోయినట్టు. అక్కడి నుంచి వేళ్ళు పరుగెత్తాయి. ఎక్కడా తడబాటు లేదు. గుక్క తిప్పుకోకుండా వాడు ఏదో చెప్తున్నాడు, మధ్యలో అందుకోవడానికి నాకు సందు లేదు. నలభై ఏళ్ళలో వాడు నాతో అంతసేపు మాట్లాడటం అదే మొదలు. హెడ్‌ఫోన్లు తీసేసరికి నా కళ్ళు తడిశాయి. వాడు కంగారుపడి మంచినీళ్ళు తెచ్చాడు.

పన్నెండున్నరకి మిల్లు ఆగింది. రాజమండ్రి గాయకుడు మొదలుపెట్టాడు. చాలా ఏళ్ళుగా పెళ్ళిళ్ళలో పాడుతున్న మనిషి. మంచి గొంతు, శ్రుతి దారం పట్టినట్టు ఉంది. నాలుగు పాటల్లో మొదటిది హాయిగా పాడేశాడు. నాకు బాగానే అనిపించింది. తమ్ముడు మాత్రం ల్యాప్‌టాప్ ముందు నుదురు చేత్తో పట్టుకుని కూర్చున్నాడు. రెండోసారి పాడించాడు, మూడోసారి పాడించాడు. ఏం కావాలో చెప్పలేకపోతున్నాడు. గాయకుడు విసుక్కోలేదు. “ఒక్కసారి మీరు పంపిన గైడ్ ట్రాక్ పెట్టండి అన్నగారూ, మళ్ళీ వింటాను” అన్నాడు. పాడేవాళ్ళకి బాణీ, మాటలూ తెలియడానికి ముందుగా ఎవరో ఒకరు పాడి పెట్టేది గైడ్ ట్రాక్. తర్వాత దాన్ని చెరిపేస్తారు.

స్పీకర్లో పెట్టారు. ఒక మగ గొంతు. కొంచెం బరువుగా, అక్కడక్కడ గరగరలాడుతూ, పక్కింటి అరుగు మీద కూర్చుని పాడుతున్నట్టుంది.

పంటు వచ్చే వేళకి మబ్బు పట్టింది
మేము ఎక్కే బస్సు మా ముందే పోయింది
పోతే పోనీ, మరో బస్సు ఉంది
పద బాబూ అని మా అమ్మ అంది

నేను ముందు గమనించింది అక్షరాల్ని. ప, మ, బ. నేను ఏరి ఏరి తీసేసినవన్నీ అందులో ఉన్నాయి. వరసకి నాలుగుకి తక్కువ లేవు. ఒక్కటీ ఆగలేదు.

పాట అయ్యాక గాయకుడు, “ఈ గొంతు ఎవరిదండి?” అని అడిగాడు. తమ్ముడు తల ఎత్తలేదు. “మావారిదేనండి” అంది మరదలు. గాయకుడు మైకు దగ్గర్నుంచి పక్కకి జరిగి, “అయితే నేనెందుకండి అన్నగారూ? ఆ అమ్మ మీ అమ్మగారు. నేను పాడితే మైకు ముందు పాడినట్టుంది, మీరు పాడితే జరిగింది చెప్పినట్టుంది” అన్నాడు. పాడటానికి పిలిపించిన మనిషి తన పని తానే వద్దనడం నేనెక్కడా చూడలేదు. ఆయన చెయ్యెత్తి దణ్ణం పెట్టాలనిపించింది.

వాడు పాడే గొంతు నేను విన్నది అదే మొదటిసారి. వాడికి నలభై మూడేళ్ళు. ఒక తోబుట్టువు పాట వినకుండా అన్నేళ్ళు ఎలా గడిచాయో ఇప్పటికీ నాకు ఆశ్చర్యమే.

తమ్ముడు వద్దన్నట్టు చెయ్యి ఊపాడు. తర్వాత చెప్పడం మొదలుపెట్టాడు. “మా... మాట్లాడలేనివాడు” దగ్గర ఆగిపోయాడు. తర్వాతి మాట ఏమిటో నాకు తెలుసు. నా నోట్లోకి వచ్చేసింది కూడా. అప్పుడు మరదలు నా చేతి మీద చెయ్యి వేసింది. నొక్కలేదు, ఊరికే వేసి ఉంచింది. నేను పెదవులు బిగించుకున్నాను. బయట పనివాళ్ళ కేరేజీల మూతల చప్పుడు సన్నగా వినిపిస్తోంది. అంతసేపు ఆగడం ఎంత కష్టమో నాకు అప్పుడే తెలిసింది. అన్నేళ్ళు మాటలు అందించింది వాడి బాధ చూడలేకనా, ఆ నిశ్శబ్దం నేను భరించలేకనా అని మొదటిసారి అనుమానం వచ్చింది.

“మాట్లాడలేనివాడు పా... పాడాడని నవ్వుతారు” అని పూర్తి చేశాడు. నేను అనుకున్న మాట అది కాదు.

వాడు నా వైపు తిరిగాడు. “పి... పిన్ని కూతురి పెళ్ళిలో నేను పాడేవాణ్ణి అక్కా. మొ... మొదటి అక్షరం దాటితే చాలు. వచ్చేసేది.”

“నాకు తెలీదురా” అన్నాను.

“నువ్వు ఆగలేదు కదా” అన్నాడు. నా మొహం చూసి మళ్ళీ వాడే, “కోపం లేదక్కా. ఎప్పటికైనా చెప్పాలనుకున్నాను, అంతే” అన్నాడు.

నాకు ఏడుపు వచ్చింది. అందరి ముందూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాను. వాడు వచ్చి నా పక్కన పీచు కట్ట మీద కూర్చుని, చిన్నప్పుడు జ్వరం వచ్చినప్పుడు నేను వాడికి చేసినట్టు నా వీపు మీద మెల్లగా తట్టాడు. ఇంతలో అన్నాల గంట అయిపోయింది, మిల్లు మళ్ళీ మొదలైంది. ఆ రోజుకి ఇంక రికార్డింగు లేదు. మరదలి అమ్మగారు అందరికీ అన్నాలు వడ్డించారు. గాయకుడు పులస కూర గురించి ఏదో పాత కథ చెప్పి మమ్మల్ని తేలికపరిచాడు.

ఆ తర్వాత మూడు వారాలు పట్టింది. ఒంటరిగా పాడినంత సులువు కాలేదు మనుషుల ముందు పాడటం. మొదటి అక్షరం దగ్గర మళ్ళీ నోరు కట్టేసింది. చివరికి ఉపాయం వాడే కనిపెట్టాడు. పాటలో ప్రతి చరణానికీ ముందు గిటారు లావు తీగ ఒక్కసారి మీటి, ఆ నాదం సాగుతుండగా దాని మీద ఆనుకుని మొదటి అక్షరం ఎత్తుకునేవాడు. చెయ్యి పట్టుకుని కాలవ దాటినట్టు. వాడికి రికార్డింగులో సాయం చేసిన కుర్రకారు ఆ మీటిన చప్పుడు తర్వాత కత్తిరించేద్దామన్నారు. వాడు ఒప్పుకోలేదు. ఇప్పటికీ ఆల్బమ్‌లో చరణం ముందు ఆ తీగ వినిపిస్తుంది.

నాలుగింట్లో మూడే పాడాడు. నాలుగోది పై స్థాయిలో ఉంది, వాడి గొంతు అందుకోలేదు. మొహమాటం లేకుండా దాన్ని రాజమండ్రి ఆయనకే ఇచ్చాడు. ఆయన ఎంత బాగా పాడాడంటే, విన్నవాళ్ళలో సగంమంది అన్నిట్లోకీ అదే బాగుందంటారు.

ఆల్బమ్ ఇంటర్నెట్లో పెట్టేముందు పీచు గొడౌన్లోనే ఒక ఆదివారం అందరికీ వినిపించాడు. చుట్టాలు, మిల్లులో పనిచేసే ఆడవాళ్ళు, మా స్కూలు మేడంగారు కట్టల మీద సర్దుకుని కూర్చున్నారు. మా మేనమామగారు రెండో వాయిద్యంలోనే నిద్రపోయారు. పాటలకి కళ్ళు తెరిచి, గిటారు రాగానే మళ్ళీ మూసుకున్నారు. “ఒక్కటే చెయ్యాల్సింది అబ్బాయ్, అయితే పాటలు, లేదా వాయిద్యం. రెండూ కలిపితే ఎవరి కోసమని?” అన్నారు తర్వాత. ఇంటర్నెట్లో రాసినవాళ్ళు కొందరు కూడా కొంచెం మర్యాదగా అదే రాశారు. పీచు దువ్వే ఒకావిడ మాత్రం తమ్ముడి దగ్గరికి వచ్చి, “ఆ మాటల్లేంది బాగుందండి. మా అమ్మగారి ఊరెళ్ళేటప్పుడు పంటు ఎక్కినట్టే ఉందండి” అంది. ఇంకెవరి మెచ్చుకోలుకీ వాడు అంత సంతోషపడగా నేను చూడలేదు.

పాఠాలు నేర్చుకునేవాళ్ళ నుంచి ఉత్తరాలు వచ్చాయి. మీ గొంతు ఇలా ఉంటుందనుకోలేదు గురువుగారూ అని ఎక్కువమంది రాశారు. ఒకాయన తనకీ నత్తేనని రాశాడు. ఆ ఉత్తరానికి జవాబు రాయడానికి తమ్ముడు రెండు రోజులు తీసుకున్నాడు. ఏం రాశాడో నేను అడగలేదు.

వాడి నత్తి పోలేదు. పోతుందని ఎవరూ అనుకోలేదు కూడా. మారింది ఏదైనా ఉంటే మా ఇంట్లో భోజనాలకి పట్టే టైము. మొన్న వాడు, మరదలు వచ్చారు. పప్పుచారు పోసుకుంటూ, రావులపాలెం వంతెన మీద బండి ఆగిపోయిన కథ మొదలుపెట్టాడు. బస్సు, బండి, పంక్చరు, పోలీసు, అన్నీ వాడికి అడ్డం పడే మాటలే. వాడు ఒక్కొక్కటీ దాటుకుంటూ వస్తుంటే నేను విస్తరి ముందు చెయ్యి ఆపి కూర్చున్నాను. కథ ఎలా ముగుస్తుందో మనసులో మూడుసార్లు ఊహించుకున్నాను. మూడూ తప్పే. అసలు ముగింపు చెప్పేముందు వాడికే నవ్వు ఆగలేదు. ఆ నవ్వు అయ్యేదాకా కూడా ఆగాం. అన్నం చల్లారిపోయింది. మరదలు వేడన్నం తెస్తానని లేవబోతే నేనే కూర్చోమని చెప్పి లేచాను.